నక్షత్రకుని నీడలో ఐపీ: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రుణకథనాలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
అప్పు తీర్చలేనని న్యాయస్థానం ముందు ప్రకటించుకునే మార్గం మన చట్టంలో వందేళ్లకు పైగా ఉంది. అయినా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల రుణకథనాల్లో అది గౌరవప్రదమైన పాత్రగా రూపొందలేదు. అప్పులపాలైన మనిషి కథ వలసతోనో, తిరుగుబాటుతోనో, మరణంతోనో ముగియడం ఆనవాయితీ అయింది. ఈ లోపాన్ని పరువు భయంగా మాత్రమే వివరించడం చాలదని, చేబదులు, జమానతు సంబంధాల స్వభావమే దానికి మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఐపీ, దివాలా, మిత్తి, జమానతు, నక్షత్రకుడు, సాంచె, గల్ఫ్ కథ, బలగం.

1. ఐపీ అనే మాట

"ఐపీ పెట్టిండు" అనే వాక్యానికి తెలంగాణ జిల్లాల్లో వివరణ అక్కరలేదు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే పూర్తి రూపం తెలియనివారికి కూడా దాని అర్థం తెలుసు. అయితే వారికి తెలిసిన అర్థం చట్టం ఇచ్చినది కాదు. చట్టం దృష్టిలో అది అప్పు తీర్చే శక్తి లేదని చేసుకునే విన్నపం. వాడుకలో అది అప్పిచ్చినవారికి చేసిన మోసం. "పెట్టు" అనే క్రియ "కేసు పెట్టడం"లో ఎలా ఉందో "టోపీ పెట్టడం"లోనూ అలాగే ఉంది. ఐపీ పెట్టడం మొదటి దాని నుంచి పుట్టి రెండవ దాని అర్థంలో స్థిరపడింది.

"దివాలా తీయడం" ఇందుకు భిన్నమైన పలుకుబడి. పగటిపూట దుకాణంలో దీపం వెలిగించి వర్తకుడు తన అశక్తతను లోకానికి తెలిపేవాడని, ఆ దీపం నుంచే దివాలా అనే మాట వచ్చిందని ఒక వివరణ ప్రచారంలో ఉంది. వ్యుత్పత్తి మాట ఎలా ఉన్నా, దివాలా తీసినవాని మీద లోకానికి కొంత జాలి మిగులుతుంది. వ్యాపారం దెబ్బతిన్నది, పంట పోయింది, కాలం కలిసిరాలేదు. ఐపీ పెట్టినవాని మీద ఆ జాలి ఉండదు. దివాలా ఒకరికి సంభవిస్తుంది, ఐపీ ఒకరు ఇతరులకు చేస్తారు. చట్టానికి ఈ రెండూ ఒకే స్థితికి సంబంధించినవి: ఒకటి స్థితి, మరొకటి దాని ప్రకటన. భాష వాటిని విడదీసి ఒకదాన్ని దురదృష్టంగా, మరొకదాన్ని దోషంగా నిలబెట్టింది.

ఈ విభజన కల్పనాసాహిత్యంలోకి ఎలా ప్రవేశించింది, అక్కడ ఏ పాత్రలకు చోటిచ్చి ఏ పాత్రలకు ఇవ్వలేదు అనేది ఇక్కడి పరిశీలన. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలను ఎంచుకోవడానికి కారణం ఉంది. బీడీ, మరమగ్గం, గల్ఫ్ ఈ మూడు ఊళ్ల చుట్టూ ఉన్న పల్లెల్లో ఒకదానితో ఒకటి పెనవేసుకున్న జీవనాధారాలు. తల్లి బీడీలు చుట్టే ఇంట్లో కొడుకు దుబాయిలోనో సౌదీలోనో ఉండటం, సాంచె నడిపే మనిషి కొంతకాలం భీవండిలో పనిచేసి రావడం ఇక్కడ అసాధారణం కాదు. ఈ మూడు పనులకూ అప్పుతో సంబంధం ఉంది. తెలంగాణలో అప్పును గురించి రాసిన రచయితల్లో పలువురు ఈ పరిసరాల నుంచి వచ్చినవారే.

2. హరిశ్చంద్రుడు తీర్చిన అప్పు

తెలుగువారి ఊహలో ఆదర్శ రుణగ్రస్తుడు హరిశ్చంద్రుడు. పదిహేనవ శతాబ్దిలో గౌరన ద్విపద కావ్యంగా మలచిన ఈ కథను, ఇరవయ్యవ శతాబ్దిలో బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్య హరిశ్చంద్రీయం' ఊరూరికీ చేర్చింది. రాజ్యం పోయిన తర్వాత కూడా విశ్వామిత్రుని బాకీ మిగిలి ఉంటుంది. గడువు ఉంటుంది. ఆ గడువు ముగిసేదాకా వెన్నంటి నడిచే నక్షత్రకుడు ఉంటాడు. కాశీలో చంద్రమతీ లోహితులు కాలకౌశికునికి అమ్ముడుపోతారు, చివరికి హరిశ్చంద్రుడే వీరబాహునికి అమ్ముడుపోతాడు.

ఈ కథలో తరచు గమనానికి రాని అంశం ఒకటి ఉంది. హరిశ్చంద్రుడు తీర్చేది తాను వాడుకున్న సొమ్ము కాదు, ఇస్తానన్న సొమ్ము. అంటే అక్కడ అప్పు ఆర్థిక వ్యవహారం కాదు, మాట. మాటకు దివాలా ఉండదు. ఆస్తి అయిపోయిందని చెప్పుకోవడానికి అందులో వీలు లేదు, ఎందుకంటే ఆస్తి తర్వాత భార్య, బిడ్డ, చివరికి తన దేహం లెక్కలోకి వస్తాయి. ఆధునిక దివాలా చట్టం మొట్టమొదట నిరాకరించేది సరిగ్గా ఈ లెక్కనే. మనిషి ఆస్తి వేరు, మనిషి వేరు అన్నది ఆ చట్టానికి పునాది.

అప్పులవాణ్ని వదలకుండా వెంటాడేవాణ్ని నేటికీ నక్షత్రకుడంటారు. పురాణపాత్ర పేరు జాతీయంగా మారడం మామూలే. విశేషం ఏమిటంటే, నక్షత్రకుని పేరు వసూలుదారుకు అతికింది కాని, తీర్చలేనని చెప్పి గౌరవం నిలుపుకున్న మనిషికి పెట్టడానికి పురాణం ఒక్క పేరు కూడా ఇవ్వలేదు. మొండివాడు, ఎగవేతదారు, మోసగాడు అనే మాటలున్నాయి. నిజాయితీపరుడైన దివాలాదారు అనే భావనను తెలుగులో ఇలా మూడు మాటలు కూర్చి చెప్పవలసి వస్తుంది.

3. కథల మూడు ముగింపులు

తెలంగాణ నవలలో అప్పు మొదట వెట్టి రూపంలో కనిపిస్తుంది. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' నవలల ప్రపంచంలో అప్పు దొరతనానికి ఒక సాధనం. అక్కడ రుణగ్రస్తునికి ఎదురుగా ఉన్నది అప్పిచ్చినవాడు మాత్రమే కాదు, అధికారం. కాబట్టి ఆ కథ ప్రతిఘటన వైపు నడవడం సహజం. కరీంనగర్ జిల్లా రైతాంగ పోరాటాల నేపథ్యంలో వచ్చిన అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' ఈ దారిలోనే మరింత ముందుకు సాగింది. 1978 సెప్టెంబరులో జరిగిన జగిత్యాల జైత్రయాత్ర, ఆ మరుసటి నెలలోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం ఈ కథాసంప్రదాయానికి చారిత్రక నేపథ్యం.

ఇక్కడ ఒక పక్కమాట. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారి అప్పులను రద్దుచేస్తూ ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ రుణగ్రస్తతా ఉపశమన చట్టం 1977లో వచ్చింది. జైత్రయాత్రకు ఇది ఒక్క ఏడాది ముందటి మాట. సాహిత్య చరిత్రలో జైత్రయాత్ర నిలిచింది, చట్టం నిలవలేదు. దీన్ని రచయితల నిర్లక్ష్యం అనలేం. కాగితం మీద రద్దయిన అప్పు ఊరిలో రద్దు కాకపోవడమే ఆ కాలపు వాస్తవమైనప్పుడు, రచయిత కాగితాన్ని కాక ఊరినే నమ్ముతాడు. కాని ఆ అపనమ్మకం క్రమంగా ఒక కథాసూత్రంగా గడ్డకట్టింది: కోర్టు దొరలది, అక్కడ పేదవానికి దొరికేదేమీ లేదు. దొర వెళ్లిపోయి, అప్పిచ్చినవాడు మారిపోయిన తర్వాత కూడా ఆ సూత్రం మారలేదు.

రెండవ ముగింపు వలస. పెద్దింటి అశోక్ కుమార్ 'ఎడారి మంటలు' ఈ ప్రాంతపు గల్ఫ్ జీవితాన్ని నవలావస్తువుగా స్వీకరించింది. గల్ఫ్ కథకు స్థూలంగా ఒక నిర్మాణం ఏర్పడింది. వీసా కోసం అప్పు, ఏజెంటు, చెప్పిన పని వేరు చేసిన పని వేరు, పంపిన డబ్బు మిత్తికే సరిపోవడం, ఆపైన తిరిగి రావడం లేదా శవపేటిక రావడం. ఈ నిర్మాణంలో అప్పు తీర్చడానికి పోవడమూ అప్పుల నుంచి పారిపోవడమూ ఒకే ప్రయాణంలో కలిసిపోతాయి. మనిషి ఊరిలో లేకపోవడమే ఒక విధమైన అనధికారిక ఐపీగా పనిచేస్తుంది. దూరమే అతనికి రక్షణ ఉత్తర్వు. అయితే ఇంటి దగ్గర ఉన్న భార్యకు ఆ రక్షణ ఉండదు. గల్ఫ్ కథల్లో ఎడారికిచ్చిన చోటుతో పోలిస్తే గడప దగ్గర మిత్తి అడిగేవారికి జవాబు చెప్పే స్త్రీకి దక్కిన చోటు తక్కువ. బి.ఎస్. రాములు 'బతుకు పోరు' బీడీ కార్మికుల జీవితాన్ని నవలకెక్కించి ఆ ఇంటిలోపలికి తొంగిచూసే దారి వేసింది. గల్ఫ్ కథ ఆ దారిని తగినంతగా వాడుకోలేదు.

ఇటీవలి చలనచిత్రం 'బలగం' (2023) ఈ సందర్భంలో ప్రత్యేకంగా పరిశీలించదగినది. సిరిసిల్ల ప్రాంతానికి చెందిన వేణు యెల్దండి దర్శకత్వంలో, ఆ పరిసర గ్రామ జీవితాన్ని చూపిన ఈ చిత్రంలో కథానాయకుడు సాయిలు అప్పుల్లో మునిగిన యువకుడు. పెళ్లితో వచ్చే కట్నమే అప్పు తీర్చే మార్గమని అతని ఆశ. తాత కొమురయ్య మరణం ఆ ఆశను దెబ్బతీస్తుంది. అక్కడి నుంచి కథ పిట్ట ముట్టడం మీదికి, విడిపోయిన తోబుట్టువుల మీదికి మళ్లుతుంది. చిత్రం సాధించిన ఆర్ద్రత కాదనలేనిది. అయితే విమర్శకు పట్టువడే విషయం ఈ మళ్లింపే. కథను నడిపించిన చక్రం అప్పు. కథ గమ్యం చేరే సరికి ఆ చక్రం ప్రేక్షకుని కంటికి ఆనదు. కుటుంబం కలవడం అప్పుకు జవాబు కాకపోయినా జవాబులాగే అనిపిస్తుంది. ఇక కట్నాన్ని రుణవిమోచన మార్గంగా సాయిలు తలపోయడంలో చంద్రమతి అమ్మకపు నీడ, తలకిందులైన రూపంలో, కనిపిస్తుంది. అక్కడ భార్యను అమ్మి అప్పు తీర్చారు, ఇక్కడ భార్యతోపాటు వచ్చే సొమ్ముతో తీర్చాలనుకున్నారు. చిత్రం దీన్ని హాస్యంగా చూపి, ఆపైన సాయిలులో మార్పు తేవడం దాని వివేకం.

4. మిత్తి, ఉరి: శ్లేష చేసే పని

మూడవ ముగింపు మరణం. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల ఆత్మహత్యలు వార్తలకెక్కిన కాలంలో "ఉరిసిల్ల" అనే మాట పుట్టింది. పత్రికా శీర్షికల్లో, రాజకీయ ప్రసంగాల్లో, కవితల్లో అది త్వరగా స్థిరపడింది. సిరి పోయి ఉరి వచ్చిందన్న శ్లేష వినగానే గుచ్చుకుంటుంది. ప్రభుత్వాల దృష్టి ఆకర్షించడంలో దాని పాత్రను తక్కువ చేయనక్కరలేదు. కాని ఊరి పేరునే మరణానికి పర్యాయంగా మార్చినప్పుడు, ఆ ఊరిలో అప్పుతో బతుకుతున్న వేలాదిమంది ఏ పేరులో ఉండాలి?

ఇటువంటిదే మిత్తి. తెలంగాణలో మిత్తి అంటే వడ్డీ. కావ్యభాషలో మిత్తి అంటే మృత్యువు. వడ్డీ అర్థంలోని మిత్తి గడువు, తేదీ అనే అర్థంగల మితి శబ్దం నుంచి వచ్చి ఉండవచ్చు, మృత్యు శబ్దభవమైన మిత్తితో దానికి సంబంధం ఉండనక్కరలేదు. అయినా ఈ రెంటి కలయిక కవికి వదులుకోలేని ఆకర్షణ. వడ్డీలోనే చావు ఉందనడానికి భాషే సాక్ష్యం ఇచ్చినట్టు కనిపిస్తుంది. ఈ సాక్ష్యం ప్రమాదకరం. నూటికి రెండు రూపాయలా, మూడు రూపాయలా, గిరిగిరి అప్పా, బ్యాంకు అప్పా అనే తేడాలన్నీ శ్లేషలో కరిగిపోతాయి. అప్పుకు మరణం తార్కిక పర్యవసానమన్నట్టు వినిపిస్తుంది. ఆ తేడాలలోనే మనిషి నిర్ణయం తీసుకోవడానికి చోటు ఉంది: ఏది ముందు కట్టాలి, ఏది ఆపవచ్చు, ఎవరితో మాట్లాడవచ్చు, దేన్ని కోర్టు ముందు పెట్టవచ్చు. శ్లేష ఆ చోటును మూసివేస్తుంది. రచనాశిల్పం పేరిట మెచ్చుకునే ఈ పదక్రీడను ఆ కోణం నుంచి తిరిగి అంచనా వేయవలసి ఉంది.

5. పిటిషన్ అనే రచన

ఐపీకి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. దాని పదవ సెక్షన్ ప్రకారం తన అప్పులు కట్టలేని మనిషి, అవి 500 రూపాయలకు చేరితే, లేదా డిక్రీ అమలులో తాను అరెస్టయి ఉంటే, లేదా ఆస్తి జప్తు ఉత్తర్వు నిలిచి ఉంటే, పిటిషన్ వేయవచ్చు. వేయడంతోనే అప్పు పోదు. న్యాయస్థానం విచారించి అతణ్ని దివాలాదారుగా ప్రకటించాలి. అప్పుడు అతని ఆస్తి న్యాయస్థానం లేదా రిసీవరు అధీనంలోకి పోతుంది. కోరితే అరెస్టు నుంచి రక్షణ ఉత్తర్వు దొరకవచ్చు. ఆ తర్వాత నిర్ణీత గడువులో విముక్తి కోసం మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి, చేసుకోకపోతే ప్రకటనే రద్దు కావచ్చు. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో ఉచితంగా ఇతరుల పేరిట రాసిన ఆస్తి బదిలీలను, మూడు నెలల్లో ఒక రుణదాతకు మాత్రమే పక్షపాతంగా చేసిన చెల్లింపులను తోసిపుచ్చే నిబంధనలూ ఉన్నాయి. భార్య పేర ఇల్లు రాసి ఐపీ పెట్టాడనే ఊరి కథనానికి చట్టం ఇచ్చిన జవాబు ఇది. జనం నోట "ఐపీ" మొదటి మెట్టుకే పేరు. మిగిలిన మెట్లు కథలో లేవు.

డిక్రీ అమలులో అరెస్టయిన రుణగ్రస్తుణ్ని న్యాయస్థానం ముందుకు తెచ్చినప్పుడు, దివాలాదారుగా ప్రకటించుకునేందుకు దరఖాస్తు చేసుకోవచ్చని అతనికి తెలియజేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 55వ సెక్షన్ నిర్దేశిస్తుంది. నిజంగా చెల్లించే స్థోమత లేని పేదవాణ్ని బాకీ కోసం జైలులో పెట్టడం 21వ అధికరణానికి విరుద్ధమని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ స్పష్టం చేశారు. న్యాయమూర్తి నోట వినిపించవలసిన ఈ మాటలు మన నవలల్లోని కోర్టు సన్నివేశాలకు చేరలేదు.

సాహిత్య దృష్టితో చూస్తే ఐపీ పిటిషన్ ఒక రచనాప్రక్రియ. రుణగ్రస్తుడు తన కథను తానే, వకీలు భాషలో అయినా సరే, చెప్పుకునే అరుదైన పాఠం అది. అప్పు ఎప్పుడు, ఎందుకు, ఎవరి దగ్గర, ఎంత అని వరుసగా చెప్పాలి. ఆపై ఆస్తి పట్టిక. ఆత్మహత్యకు ముందు రాసిన ఉత్తరాలుగా పత్రికల్లో వచ్చిన పాఠాల్లోనూ చాలాసార్లు ఇటువంటి పట్టికే ఉంటుంది. రెండింటిలో ఉన్నది ఒకే లెక్క. ఒకటి దాన్ని విచారణకు పెడుతుంది, మరొకటి విచారణకు అవకాశం లేకుండా చేస్తుంది. రెండవ పాఠాన్ని విషాదంగా స్వీకరించి, మొదటిదాన్ని మోసంగా పక్కకు నెట్టిన అభిరుచిని విమర్శ ప్రశ్నించకుండా వదిలివేయరాదు.

అయితే ప్రశ్న ఇంతటితో తేలేది కాదు. ఊరి అనుమానానికి తగిన కారణం ఉంది. సిరిసిల్లలో నాలుగు సాంచెలు నడుపుకునే ఆసామి అప్పుల పట్టికలో బ్యాంకు ఉంటుంది, నూలు యజమాని ఉంటాడు, గిరిగిరి ఫైనాన్సు ఉంటుంది. వాటి పక్కనే బీడీలు చుట్టి కూడబెట్టిన సొమ్మును చేబదులుగా ఇచ్చిన పొరుగింటి అవ్వ కూడా ఉంటుంది. పిటిషన్‌లో వారందరూ ప్రతివాదులే. ఊరి మాటల్లో నమ్మి ఇచ్చిన సొమ్ముకు న్యాయభాషలో హామీలేని అప్పు అని పేరు. తనఖా ఉన్న రుణదాతకు దక్కే రక్షణ ఆమెకు ఉండదు. ఇక జమానతు ఉన్న బావమరిది సంగతి మరీ కఠినం. దివాలాదారుకు విముక్తి లభించినా జమానతుదారుకు లభించదని 44వ సెక్షన్ తేటతెల్లం చేస్తుంది. అంటే ఒకరి ఐపీ మరొకరి నక్షత్రకుణ్ని సృష్టిస్తుంది. మహిళా సంఘాల అప్పుల్లో, సూక్ష్మరుణ బృందాల్లో ఒకరికొకరు పూచీ కావడం వల్ల ఈ ముడి మరింత బిగిసింది. వసూలు ఒత్తిళ్ల మీద 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసివచ్చిందంటే ఆ పూచీ ఎంత భారమో ఊహించవచ్చు.

కనుక "ఐపీ పెట్టిండు" అనే నిందలో పరువు గురించిన పాత భావంతోపాటు తనలాంటి మరో పేదవాని నష్టం కూడా ఉంది. దొర-రైతు నమూనాలో రాసిన రుణకథ ఈ స్థితిని పట్టుకోలేదు. ఆ నమూనాకు అప్పిచ్చినవాడు పైన, తీసుకున్నవాడు కింద ఉండాలి. ఇక్కడ ఇద్దరూ ఒకే వాడకట్టులో ఉన్నారు.

చట్టమూ ఈ మనిషిని సరిగా ఊహించలేదు. చేతివృత్తులవారి పనిముట్లను జప్తు నుంచి మినహాయించిన సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చేతిమగ్గానికి నీడ ఇస్తుంది, కరెంటుతో నడిచే సాంచెకు ఆ నీడ ఎంతవరకు అన్నది వాదనకు లోబడేది. 2016 దివాలా స్మృతి పేదలకోసం కొత్త ప్రారంభం అనే ప్రక్రియను రాసింది. ఏడాదికి 60,000 రూపాయల లోపు ఆదాయం, 20,000 లోపు ఆస్తి, 35,000 లోపు అప్పు, సొంత ఇల్లు లేకపోవడం దానికి అర్హతల్లో ముఖ్యమైనవి. ఆసామి నాలుగు సాంచెలే అతణ్ని అనర్హుణ్ని చేస్తాయి, గల్ఫ్ వీసా అప్పు ఒక్కటే ఆ పరిమితిని దాటిపోతుంది. పైగా స్మృతిలో వ్యక్తుల దివాలాకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు 1 నుంచి అమలైంది కార్పొరేటు రుణాలకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారి విషయంలో మాత్రమే. కోరుట్ల మనిషికి ఇంకా 1920 నాటి దారే గతి. చిన్నరైతులు, కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారి కోసం తెలంగాణ 2016లో రుణ ఉపశమన కమిషన్ చట్టం చేసింది. రుణమాఫీ సరేసరి. అయితే మాఫీ అంటే క్షమ, అది పైనుంచి రావాలి. దివాలా తానుగా చేసుకునే ప్రకటన. మొదటిది ఎన్నికల భాషలో ఇమిడినంత సులువుగా రెండవది ఏ భాషలోనూ ఇమడలేదు.

6. బీరోతో, ఆసామి

1837లో వెలువడిన బాల్జాక్ నవల 'సెజార్ బీరోతో' ఇక్కడ ఉపయోగపడే పోలిక. సుగంధద్రవ్యాల వర్తకుడు బీరోతో స్థలాల బేరంలో దెబ్బతింటాడు, నమ్మిన నోటరీ సొమ్ముతో ఉడాయిస్తాడు. బీరోతో దివాలా ప్రకటిస్తాడు. బాల్జాక్ ఆనాటి ఫ్రెంచి దివాలా ప్రక్రియను, అందులో రుణదాతలు ఆడే నాటకాన్ని నవల మధ్యలో పేజీల తరబడి విప్పి చూపుతాడు. చట్టపు లొసుగులు కథనానికి అడ్డు కాలేదు, అవే కథనం అయ్యాయి. అయినా బీరోతో చివరకు హరిశ్చంద్రుని బంధువే. చట్టం కోరనంత వరకు, చిల్లిగవ్వ మిగలకుండా అందరికీ కట్టి, గౌరవం తిరిగి దక్కిన వేడుకలోనే కుప్పకూలి మరణిస్తాడు. అప్పు తీర్చకుండా గౌరవం దక్కించుకున్న మనిషిని ఊహించడం బాల్జాక్‌కూ సాధ్యం కాలేదు.

తేడా ఏమిటంటే బీరోతో రుణదాతలు ప్యారిస్ వర్తకులు, వారి ఖాతాపుస్తకాలు ఉన్నాయి, నష్టాన్ని పంచుకునే సమావేశం ఉంది. సిరిసిల్ల ఆసామి రుణదాతల్లో సగంమంది దగ్గర ప్రామిసరీ నోటైనా ఉండదు. అటువంటివారి మధ్య దివాలా ప్రకటన ఎలా జరుగుతుందన్నది తెలుగు కథకుడు తేల్చవలసిన శిల్పసమస్య. దాన్ని రుణగ్రస్తుని వైపు నుంచి చెప్పితే రక్షణ కథ, పొరుగింటి అవ్వ వైపు నుంచి చెప్పితే మోసం కథ. రెండు వైపుల నుంచీ ఒకేసారి చెప్పగల కథనస్వరం ఈ మూడు ఊళ్ల సాహిత్యంలో ఇంకా స్థిరపడలేదు. ఆ స్వరం కోసం వెతికే రచయితకు పిటిషన్ చివరి పుటలోని ప్రతివాదుల జాబితా మంచి ప్రారంభస్థలం: మొదటి ప్రతివాది బ్యాంకు, రెండవ ప్రతివాది ఫైనాన్సు, మూడవ ప్రతివాది బీడీ కార్మికురాలు, ఆమెకు కోర్టు నోటీసు చదివి చెప్పవలసినవాడు పిటిషనరు కొడుకు.